స్టీరింగు బరువెక్కినప్పుడు

గృహకృత్యములందు ఆరితేరిన ఇల్లాలు బియ్యము గుప్పిట పట్టి చూచినంతనే అవి పాతవో క్రొత్తవో చెప్పగలదు. గిన్నెమీది మూత చప్పుడును బట్టి ఎసరు మరగినదో లేదో గ్రహింపగలదు. పసిబిడ్డ ఏడ్పు విని అది ఆకలి యేడ్పో, చెవిపోటు వలని యేడ్పో వేరుపరుపగలదు. చేయి, చెవి, కన్ను, ఈ మూడును ఆమెకు వైద్యుని పరికరముల వంటివి. ఇంతటి నేర్పు కలిగియుండియు, తాను నడుపు కారు కొంచెము మొరాయించినచో "ఇది మనకు తెలియని విద్య" యని ఆమె చేతులు ముడుచుకొనుట తరచుగ చూచుచున్నాము. ఇది తగదని చెప్పుటకే ఈ వ్యాసము.

కారునకు కలుగు రుగ్మతలు పెక్కు. వానిలో స్టీరింగు బరువెక్కుట యొకటి. నిన్నటిదాక సులువుగ తిరిగిన చక్రము నేడు రెండుచేతులతో పట్టి లాగినగాని తిరుగదు. సందు మలుపున భుజములు నొప్పిపుట్టును. బజారులో కారును నిలుపుటకు నాలుగుమారులు ముందునకు వెనుకకు జరిపినచో చెమట పట్టును. ఈ సంగతి ఇంటిలో చెప్పినచో పలువురు చెప్పు సమాధాన మొక్కటే: "నీ చేతులలో బలము లేదు, అలవాటు చాలదు." ఆడలేక మద్దెల ఓడన్నదను సామెతను సైతము ఎవరో యొకరు నవ్వుచు జోడింతురు.

కాని సోదరీమణులారా, మద్దెల నిజముగనే ఓడై యుండినచో ఆడుదానిని నిందించి ఏమి ప్రయోజనము? నేటికాలపు కార్ల స్టీరింగును త్రిప్పుటకు మల్లుని బాహుబలము అక్కరలేకుండునట్లే నిర్మించుచున్నారు. ఆరోగ్యముగనున్న కారు, ఇంజను ఆడుచుండగా, అరువదియేండ్ల అవ్వ చేతికైనను సులభముగ లొంగును. లొంగలేదనిన దోషము చేతిది కాదు, కారుది. ఆ దోషమును "అలవాటు పడుదము లే" యని ఓర్చుకొనుట ఓర్పు కాదు; అది ప్రాణములతోడి చెలగాటము.

చుక్కాని చెప్పు పాఠము

విశాఖపట్టణపు స్త్రీలకు చుక్కానిని గురించి వేరుగ చెప్పనక్కరలేదు. 1933వ సంవత్సరమున ఇచటి రేవు తెరువబడిన నాటినుండి డాల్ఫిన్స్ నోస్ కొండనీడన ఇరుకు కాలువగుండ ఓడలు లోపలిరేవునకు వచ్చుచునేయున్నవి. 1948 మార్చి 14వ తేదీన ఈ యూరనే కట్టబడిన 'జల ఉష' యను ఓడను జవహర్‌లాల్ నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. ఓడ వేగముగ పోవునప్పుడు చుక్కానిని ఇంచుక త్రిప్పినను మాట వినును. రేవులో మెల్లగ కదలునప్పుడు చుక్కానికి పట్టు తగ్గిపోవును. అప్పుడు టగ్గుపడవలు వచ్చి ప్రక్కనుండి నెట్టవలసియుండును.

కారు సంగతియు ఒక విధముగ ఇట్టిదే. పరుగెత్తు కారునకు స్టీరింగు తేలిక. నిలిచియున్న కారునకు బరువు. ఏలయనగా, దొర్లుచున్న టైరును ప్రక్కకు మరలించుట సులభము. నిలిచియున్న టైరు నేలను కరచుకొనియుండును. దానిని ఉన్నచోటనే మెలిపెట్టవలయును. ఓడకు టగ్గుపడవ వచ్చినట్లు, ఈ సమయమున కారునకును సాయము చేయు ఏర్పాటొకటి కలదు. దానినే పవర్ స్టీరింగు అందురు.

ఈ సాయము కూడ మొదట ఓడలకే కలిగినది. 1866 ప్రాంతమున మెక్‌ఫర్లేన్ గ్రే అను ఇంజనీరు 'గ్రేట్ ఈస్టర్న్' అను మహానౌకకై ఆవిరితో చుక్కానిని త్రిప్పు యంత్రమును కల్పించెను. కార్లకై నూనె ఒత్తిడితో పనిచేయు ఏర్పాటును 1920 దశకమున అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనునతడు సిద్ధపరచెను. 1951లో క్రైస్లర్ కంపెనీవారు దానిని తమ కారునకు పెట్టి అమ్మిరి. 1988లో జపానుదేశమున సుజుకీవారి సెర్వో అను చిన్నకారునకు నూనె లేకయే, విద్యుత్తుమోటారుతో సాయముచేయు స్టీరింగు వచ్చినది. నేడు మనదేశపు చిన్నకార్లలో అధికభాగము ఈ విద్యుత్తు జాతివే.

మన పెద్దలు నడిపిన పాత అంబాసిడర్లకును, 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 కార్లకును ఇట్టి సాయము లేకుండెను. చేతిబలమును గురించిన మాట ఆ కాలమున కొంత చెల్లినది. కారు మారినను మాట మారకుండుటయే వింత.

ఇంకొక మాట. మోటారుకారుపై మొట్టమొదటి దూరప్రయాణము చేసినది పురుషుడు కాడు. 1888 ఆగస్టులో జర్మనీదేశమున కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ పట్టణమునుండి ఫోర్‌త్స్‌హైమ్ పట్టణమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దారిని భర్త నిర్మించిన బండిపై పోయెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా తన టోపీసూదితో దానిని పొడిచి శుభ్రపరచెను. బ్రేకులు అరుగగా చర్మకారునిచేత తోలు అతికించెను. యంత్రము స్త్రీ బుద్ధికి అందనిదని పలుకువారికి ఈ ప్రయాణమే చాలిన సమాధానము.

లోపల ఏమి జరుగును?

స్టీరింగు చక్రమునుండి ఒక ఇనుపకడ్డీ ఏటవాలుగ క్రిందికి దిగును. ఆ కడ్డీ నడుమ మన మోచేతి కీలువంటి కీళ్లు కలవు. దాని చివర చిన్న పండ్లచక్రము, దానికి అడ్డముగ పండ్లుగల పొడుగాటి కడ్డీ యుండును. ఈ అడ్డకడ్డీనే మేస్త్రీలు 'ర్యాకు' అందురు. మనము చక్రమును త్రిప్పగా ర్యాకు కుడికో ఎడమకో జరుగును. దాని రెండు కొనలనున్న కడ్డీలు ముందుచక్రములను త్రిప్పును. కీలుకీలునకును లోపల కందెన, పైన రబ్బరు తొడుగు ఉండును.

సాయము చేయు భాగము రెండు విధములు. నూనెజాతి స్టీరింగులో ఇంజనుచేత బెల్టుతో తిరుగు పంపొకటి నూనెను ఒత్తిడితో ర్యాకులోనికి పంపును. విద్యుత్తుజాతిలో నూనె లేదు, పంపు లేదు. చేతి ఒత్తిడిని కనిపెట్టు యంత్రమొకటి, దానిననుసరించి తోడ్పడు మోటారొకటి యుండును.

మీ కారు ఏ జాతిదో ముందు తెలిసికొనుడు. ఇంజను చల్లగనున్నప్పుడు బానెట్టు ఎత్తి చూచినచో, మూతపై స్టీరింగు బొమ్మగల చిన్న డబ్బా కనబడిన అది నూనెజాతి. అట్టిది లేనిచో చాలవరకు విద్యుత్తుజాతియే. కారుతో ఇచ్చిన పుస్తకమున ఈ సంగతి స్పష్టముగ నుండును. ఇంతమాత్రము తెలిసియున్నచో, నూనెయే లేని స్టీరింగునకు నూనె మార్చితిమని ఎవరును మీయొద్ద సొమ్ము తీయజాలరు.

రోగిని ప్రశ్నించునట్లు ప్రశ్నింపుడు

వైద్యుడు జ్వరమనగానే మందు వ్రాయడు. ఎన్నాళ్లనుండి, ఏ వేళ, చలి కలదా, దగ్గు కలదా యని అడుగును. కారునుగూర్చియు అట్లే అడిగి, జవాబులను ఒక కాగితముపై వ్రాసికొనుడు. బరువు హఠాత్తుగ వచ్చినదా, నెమ్మదిగ పెరిగినదా? నిలిపినప్పుడు మాత్రమేనా, దారిలో పోవునప్పుడును కలదా? రెండువైపులకునా, ఒకవైపునకేనా? త్రిప్పునప్పుడు మూలుగో కీచుశబ్దమో వినవచ్చుచున్నదా? ముందరి పలకపై స్టీరింగు దీపము వెలుగుచున్నదా? మలుపు తిరిగిన పిమ్మట చక్రము తనంత తాను నిటారునకు వచ్చుచున్నదా? ఇటీవల టైర్లుగాని బ్యాటరీగాని మార్చితిరా? నీళ్లలో నడిపితిరా? ఈ జవాబులలోనే సగము వైద్యము కలదు.

ఇక ఒక భ్రమను మొదటనే తొలగింతము. ఇంజను ఆపి తాళపుచెవి తీసిన తరువాత చక్రమును కదల్చినచో అది బిగుసుకొనిపోవును; చెవియు తిరుగదు. ఇది రోగము కాదు, దొంగలకై పెట్టిన తాళము. ఒకచేత చక్రమును కుడియెడమలకు మెల్లగ ఆడించుచు, రెండవచేత చెవిని త్రిప్పినచో విడివడును. బలముగ త్రిప్పి చెవిని విరుగగొట్టుకొనరాదు.

మొదట గాలి

గోటితో పోవుదానికి గొడ్డలి ఏల? స్టీరింగు బరువునకు సామాన్యమగు కారణము ముందుటైర్లలో గాలి తగ్గుట. గాలి తగ్గిన టైరు చతికిలబడి నేలను ఎక్కువ వెడల్పున అంటుకొనును; దానిని మెలిపెట్టుటకు ఎక్కువ బలము కావలసివచ్చును. ఈ బరువు ఒక్కనాట రాదు. వారములు గడచుకొలది హెచ్చును. కావుననే మన చేతులకే నీరసము వచ్చినదని భ్రమపడుదుము.

ఎంత గాలి కావలయునో డ్రైవరు తలుపు తెరచినచోట అంటించిన చీటీపై వ్రాసియుండును. చిన్నకార్లకు సాధారణముగ చదరపు అంగుళమునకు 30 మొదలు 35 పౌనుల వరకు ఉండును. అయినను మీ కారు చీటీయే మీకు ప్రమాణము. ఉదయమున, కారు ఎక్కువదూరము పోకముందు కొలిపింపవలయును. ఎండలో పరుగెత్తి వేడెక్కిన టైరు లేని గాలిని ఉన్నట్లు చూపును. ఒక్క టైరే పదేపదే తగ్గుచున్నచో అందు మేకు దిగినదో, వాల్వు కారుచున్నదో చూపింపుడు. నెలకు రెండుమారులు గాలి చూపించు అలవాటున్నవారికి ఈ వ్యాసములోని తక్కిన భాగముతో పని తక్కువగ పడును.

గాలి సరిగనుండియు కారు ఒకప్రక్కకు లాగుచున్నచో, గోతిలో పడి చక్రముల వరుస తప్పియుండవచ్చును. దానికి వీల్ అలైన్‌మెంటు చేయింపవలయును. వెడల్పుపాటి క్రొత్త టైర్లు వేయించిన దినమునుండి బరువు మొదలైనచో కారణము వెదుకనక్కరలేదు.

నూనెజాతి రోగములు

సమతలమున కారు నిలిపి, ఇంజను ఆపి, స్టీరింగు నూనెడబ్బా చూడుడు. దానిపై కనిష్ఠము, గరిష్ఠము అను రెండు గీతలుండును. నూనె ఆ రెంటి నడుమ ఉండవలయును. తగ్గియుండినచో త్రిప్పునప్పుడు ఆవు మూల్గినట్లు పంపు మూల్గును. తగ్గిన నూనె ఎచటికో పోయియుండవలెను గదా! రాత్రి కారు నిలిపినచోట ముందుభాగమున ఒక అట్టముక్క పరచి, తెల్లవారి చూడుడు. మరక పడినచో ఎక్కడో కారుచున్నదన్నమాట. కారుడు మాన్పక నూనె మాత్రము పోయుట చిల్లికుండలో నీళ్లు పోయుటయే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆ డబ్బాలో బ్రేకునూనె ఎన్నడును పోయరాదు. లోపలి రబ్బరుభాగములు ఉబ్బి చెడును. మూతమీదనో పుస్తకములోనో చెప్పిన జాతి నూనెనే వాడవలయును. గరిష్ఠపు గీతను మించరాదు.

త్రిప్పిన ప్రతిసారి కీచుమని అరచినచో బెల్టు వదులైనదో, అరిగినదో కావచ్చును. నీళ్లలో నడిపిన వెంటనే బరువెక్కి, కొంతసేపటికి తేలికయైనచో తడిసిన బెల్టు జారుచున్నదని ఊహింపవచ్చును. ఇంజను ఆడుచుండగా బెల్టు దరికి చేయి చాపరాదు. చీరకొంగు, జడ, చున్నీ అసలే చేరనీయరాదు.

చక్రమును చివరికంట త్రిప్పి, అక్కడ పట్టియుంచు అలవాటు కొందరికి కలదు. అట్లుంచినచో నూనె వేడెక్కి పంపు అరుగును. చివరికి వచ్చినదని తెలియగానే వెంట్రుకవాసి వదలుట మేలు.

విద్యుత్తుజాతి రోగములు

ఈ జాతికి ప్రాణము బ్యాటరీ. బ్యాటరీ నీరసించినచో మోటారు సాయమును తగ్గించుకొనును. ఉదయమున ఇంజను బద్ధకముగ లేచుట, ముందుదీపములు మసకబారుట, స్టీరింగు బరువెక్కుట, ఈ మూడును కలసి కనబడినచో ముందు బ్యాటరీని పరీక్షింపజేయుడు. ఇంజను ఆడుచుండగా మీటరు సుమారు 13.5 మొదలు 14.5 వోల్టుల వరకు చూపవలయును. అంతకు తక్కువైనచో విద్యుత్తు పుట్టించు ఆల్టర్నేటరును అనుమానింపవచ్చును. బ్యాటరీ కొనలపై తెల్లగనో పచ్చగనో బూజువలె పట్టిన పొరయు విద్యుత్తును అడ్డగించును. మేస్త్రీచేత దానిని తీయించి కొనలను బిగింపజేయుడు.

ఇరుకుచోట కారును పదిమారులు ముందువెనుకలకు త్రిప్పినచో మోటారు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై సాయమును కొంచెము తగ్గించును. కొంతసేపు ఊరకుండనిచ్చినచో మరల తేలికపడును. ఇది రోగము కాదు, అలసట.

కాని ఇంజను ఆడుచుండగా స్టీరింగు దీపము వెలిగి ఆరకుండినచో అది యంత్రము తానే పెట్టుకొన్న మొర. ఇంజనును ఆపి మరల నడిపినను దీపము ఆరనిచో, తెలిసినవారు తమ పరికరమును తగిలించి లోపల నమోదైన దోషమును చదువవలయును. ఆ కాగితమును అడిగి తీసికొనుడు. మోటారు చెడినదను మాట ఆ కాగితము లేక ఒప్పుకొనదగినది కాదు. స్టీరింగు నడుమనున్న మూతను మాత్రము ఇంట ఎవరును విప్పరాదు. అందు గాలిసంచి యుండును, అది ప్రేలిన ప్రమాదము.

సముద్రపుగాలి చేయు చేటు

విశాఖపట్టణమున ఒక విచిత్రము కలదు. ఇనుమును పుట్టించు కర్మాగారమును, ఇనుమును తినివేయు సముద్రమును ఒక్కచోటనే యున్నవి. 1992 ఆగస్టు 1వ తేదీన జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారము మనదేశమున సముద్రతీరమున వెలసిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారము. దానికి ఆవల అలలమీదుగ వచ్చు గాలి ఉప్పునీటి తుంపరలను మోసికొనివచ్చి ప్రతి ఇనుపవస్తువుమీద చల్లుచుండును. ఉప్పు తేమను పట్టియుంచును; ఉప్పుతేమ తగిలిన ఇనుము వట్టితేమ తగిలినదానికంటె వడిగ త్రుప్పుపట్టును. తీరమునకు దగ్గరనున్న ఇండ్ల కిటికీ ఊచలు ఎన్నిసారులు రంగువేసినను నిలువకుండుట మనకు తెలిసినదే. ఊచలకు పట్టిన త్రుప్పు కంటికి కనబడును. కారు క్రింది కీళ్లకు పట్టినది కనబడదు.

రామకృష్ణా బీచినుండి భీమునిపట్టణము వరకు తీరమువెంట తిరుగు కార్లకు ఇసుకయు తోడగును. కీళ్లపై నున్న రబ్బరు తొడుగు ఒక్కచోట చిరిగిన చాలును. ఇసుక, ఉప్పు, నీరు లోపలికి చేరి కందెనను చెరచును. అప్పుడు కీలు బిగియును. దీని లక్షణములు వేరు. గాలి సరిగ నుండును, నూనె తగ్గదు, దీపము వెలుగదు, అయినను బరువు వదలదు. నిలిపినప్పుడును, పోవునప్పుడును బరువే. ఒకచోట తేలికగ, ఒకచోట పట్టినట్లుగ తిరుగును. అన్నిటికి మించి, మలుపు తిరిగినపిమ్మట చక్రము తనంత తాను నిటారునకు రాదు. వాతము పట్టిన మోకాలువలె ముడిచినచోటనే నిలిచిపోవును. ఈ లక్షణము కనబడినచో ఆలస్యము చేయరాదు.

నివారణ సులభము. తీరముననుండు వారు పదిపదునైదు దినముల కొకమారు కారుపైభాగమునేగాక క్రిందిభాగమునుకూడ మంచినీటితో కడిగింపవలయును. సర్వీసునకు ఇచ్చినప్పుడు రబ్బరు తొడుగులను చూచి చెప్పుమని అడుగవలయును. చిరిగిన తొడుగును వెంటనే మార్చినచో కీలు దక్కును. ఉపేక్షించినచో కీలుతోపాటు ర్యాకును మార్చవలసివచ్చును. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానువంటి ఉపద్రవము తరువాత, నీటిలో నిలిచిన కారును ఈ పరీక్ష లేక వాడుట మంచిది కాదు. ఇంటిలోని కొబ్బరినూనెయో మరియొక నూనెయో తెచ్చి క్రిందిభాగములపై చల్లుటయు కూడదు. అది బ్రేకులమీద పడినచో కారు ఆగదు.

ఘాటుదారిలో మరువరాని మాట

సింహాచలము కొండపైకి, కైలాసగిరికి, అనంతగిరి మీదుగ అరకులోయకు కుటుంబములతో పోవువారు పెక్కుమంది. అరకు సుమారు 115 కిలోమీటర్ల దారి. అందు మలుపుమీద మలుపు. దిగునప్పుడు పెట్రోలు మిగులునని ఇంజను ఆపి కారును జారవిడుచు వారు కొందరు కలరు. ఇది ఘోరమగు తప్పు. ఇంజను ఆగిన నూనెపంపు ఆగును. స్టీరింగు ఒక్కసారిగ రాయివలె బరువెక్కును. బ్రేకులకు తోడ్పడు శక్తియు ఒకటిరెండు త్రొక్కుళ్లతో తరిగిపోవును. చెవిని పూర్తిగ త్రిప్పి తీసినచో స్టీరింగు తాళమే పడవచ్చును. నాలుగు రూపాయల పెట్రోలునకై నిండు కుటుంబమును లోయయంచున నిలుపుటకంటె అవివేకము కలదా? మీ కారును ఎవరు నడుపుచున్నను, అన్నయైనను బావయైనను జీతమిచ్చి పెట్టుకొన్న డ్రైవరైనను, ఇంజను ఆపనీయకుడు. మొగమాటపడకుడు.

దారిలో పోవుచుండగా సాయము హఠాత్తుగ ఆగినచో బెదరవలదు. స్టీరింగు తెగిపోలేదు, బరువెక్కినదంతే. కడ్డీకిని చక్రములకును గల సంబంధము అట్లే యుండును. రెండుచేతులతో గట్టిగ పట్టి, వేగము తగ్గించుచు, హెచ్చరికదీపములు వేసి, ఎడమప్రక్కకు తెచ్చి నిలుపుడు. పూర్తిగ నిలిచిన తరువాతనే ఇంజను ఆపుడు. మరల నడిపినను చక్రము పట్టివేయుచున్నను, తడవతడవకు బిగియుచున్నను, అడుగున టకటక శబ్దము వచ్చుచున్నను ఆ కారును నడుపక, లాగుడుబండిని పిలిపించుటయే ఉత్తమము. గాజువాక మీదుగ పోవు పెద్దరోడ్డుపై ఉక్కుచుట్టలు మోయు లారీల నడుమ అట్టి కారుతో సాహసము చేయదగదు.

మేస్త్రీతో మాటలాడు విధము

మేస్త్రీ శత్రువు కాడు. కాని "బరువుగా నున్నది, ఏమైనను చేయుము" అనువారి కారునకు ఏమైనను చేయబడును. తన పరీక్షలను చెప్పగలిగిన ఇల్లాలితో సంభాషణ ఇట్లుండును.

"స్టీరింగు బరువెక్కింది బాబూ, చూడాలి."

"ర్యాకు పోయుంటుందమ్మా. కొత్తది వేసేద్దాం."

"అంతదూరం ఇప్పుడే పోవద్దు నాయనా. నిన్న పొద్దున్నే నాలుగు టైర్ల గాలీ చూపించాను, సరిగ్గా ఉంది. ఇది నూనె స్టీరింగు. నూనె తగ్గలేదు, కింద మరకా లేదు, మూలుగూ లేదు. దారిలో పోతున్నా బరువే. మలుపు తిరిగాక చక్రం వెనక్కి రావడంలేదు. ముందు రెండు చక్రాలూ పైకెత్తి తిప్పి చూడు."

"ఎత్తినా బరువుగానే ఉంటే కీళ్లు పట్టేసినట్టేనమ్మా. కడ్డీ కీలు విడదీసి చూస్తాను."

"అలాగే. మార్చిన సామాను పాతది నాకు చూపించు."

ఈ నాలుగు మాటలలో నున్న మర్మమేమనగా: ముందుచక్రములను నేలనుండి ఎత్తి త్రిప్పినప్పుడు తేలికయైనచో దోషము టైర్లలోనో, సాయముచేయు భాగములోనో వెదుకవలయును. ఎత్తినను బరువే యైనచో కీళ్లలోనో ర్యాకులోనో వెదుకవలయును. ఆ పిమ్మట కడ్డీని ర్యాకునుండి విడదీసి త్రిప్పినచో, దోషము పైనున్నదో క్రిందనున్నదో తేలిపోవును. ఇది మేస్త్రీ తన చోట తగిన ఆధారములతో చేయవలసిన పరీక్ష. ఇంట జాకీపై కారు నెత్తి క్రింద దూరుట ఎవరికిని తగదు.

ఖర్చు విషయమున క్రమమును మరువకుడు. గాలి, నూనె, బెల్టు, బ్యాటరీ, అలైన్‌మెంటు, కీళ్లు, చివరికి ర్యాకు. మొదటివానికి పట్టునది స్వల్పము. చివరిదానికి పట్టునది ఇంటి నెలఖర్చులో పెద్దపాలు. మొదటి మెట్లు పరీక్షింపక చివరిమెట్టునకు ఎక్కుదమనువారిని కారణ మడుగుడు. సరియైన కారణము చెప్పినచో సంతోషముగ ఒప్పుకొనుడు. చెప్పనిచో ఆటోనగరులో ఇంకొక అంగడి కలదు.

ఇంటిపద్దుల పుస్తకమున ఒక పుట కారునకు కేటాయింపుడు. గాలి చూపించిన తేదీ, నూనె చూచిన తేదీ, బ్యాటరీ వేయించిన నెల, టైర్లు మార్చిన దినము, మేస్త్రీ చెప్పిన మాట అందు వ్రాయుడు. పాలలెక్క వ్రాయుటకు పట్టునంత సేపైనను దీనికి పట్టదు. కొమార్తెలు డ్రైవింగు నేర్చుకొనునప్పుడు చక్రము పట్టుటతోపాటు ఈ పుటను చదువుటయు నేర్పుడు.

బరువెక్కిన స్టీరింగు మన చేతులను నిందించుట లేదు. తన బాధను మన చేతులకు చెప్పుకొనుచున్నది. ఆ చేతులే దానిని మొదట గుర్తించినవి. కావున సోదరీమణులారా, మీ చేతి సాక్ష్యమును నమ్ముడు. రేపు ఉదయమున కారు తీయకముందు తలుపుదగ్గరి చీటీ చదివి, నాలుగు టైర్ల గాలి చూపింపుడు. తక్కిన విద్య అచటినుండి తానే అలవడును.